పన్నుకి క్యాప్, చేతిలో ఆయుష్మాన్ కార్డు: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెయ్యదు

మొన్న సంక్రాంతికి చెరకు కొరుకుతుంటే మా పిన్నికి కింది దవడ పన్ను సగానికి విరిగింది. మూడు రోజులు లవంగ నూనెతో నెట్టుకొచ్చి, నాలుగో రోజు పొద్దున్నే నా దుకాణానికి వచ్చింది. ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, రెండో చేత్తో కార్డు తీసి బల్ల మీద పెట్టి, "బాబూ, ఇందులో ఐదు లక్షలున్నాయంట కదా, ఒక్క పన్నుకి ఎంతవుద్ది?" అంది.

నాది ఒడిశాలోని పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కార్డు మీద ఇంగ్లీషు, ఇదీ మా గజపతి జిల్లా బతుకు. కార్డులు తీసి ప్రింటు ఇవ్వడం నా రోజువారీ పని కాబట్టి పిన్ని అడిగిన ప్రశ్న నాకు కొత్త కాదు. సూటిగా చెప్పాలంటే క్యాప్‌కి, అంటే విరిగిన పన్ను మీద వేసే తొడుగుకి, కార్డు పనిచెయ్యదు. కానీ అంతటితో ఆగిపోతే, పనిచేసే చోట కూడా జనం జేబులోంచి కట్టేస్తున్నారు. అందుకే పిన్నితో పాటు తిరిగి తెలుసుకున్నదంతా వరసగా రాస్తున్నాను. గంజాం, రాయగడ, కోరాపుట్ వైపు ఉన్న మనవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

మొదటి మెట్టు: "పెద్ద వైద్యం" ఎవరి లెక్కలో పెద్ద?

పళ్ళ డాక్టరు దృష్టిలో రూట్ కెనాల్ (పన్ను లోపలి పాడైన నరం తీసి నింపడం), క్యాప్, బ్రిడ్జి, ఇంప్లాంటు పెద్ద పనులు. మన జేబు దృష్టిలోనూ పెద్దవే. సర్కారు పథకం లెక్క వేరు. దానికి పెద్ద వైద్యమంటే ఆసుపత్రిలో చేరి మంచం మీద పడుకుని చేయించుకునేది. ఓపీలో చూపించుకుని ఇంటికి వచ్చేసేది ఎంత ఖరీదైనా దాని లెక్కలోకి రాదు. క్యాప్ వేసేది కుర్చీలో కూర్చోబెట్టి. గంట పని, రెండు మూడు సార్లు రావాలి, ఎవరూ అడ్మిట్ చెయ్యరు. మోకాలి ఆపరేషన్‌కి డబ్బిచ్చే కార్డు నాలుగు వేల క్యాప్‌కి చేతులెత్తేసేది ఇందుకే. పిన్నికి ఇది చెప్పినప్పుడు "అయితే ఒక పూట పడుకుంటాను, మంచం వెయ్యమను" అంది. కుదరదు, ఎందుకో మూడో మెట్టులో ఉంది.

రెండో మెట్టు: మీ చేతిలో ఉన్నది ఏ కార్డు?

ఒడిశాలో 2018 నుంచి బిజు స్వాస్థ్య కళ్యాణ్ యోజన నడిచింది. చాలామంది బీరువాలో ఆ పాత కార్డు ఇంకా భద్రంగా ఉంది. 2025 జనవరిలో మన రాష్ట్రం కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఏప్రిల్ నుంచి దాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఒకటిగా నడుపుతున్నారు. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా వయ వందన కార్డు ఇస్తారు. అది 2024 అక్టోబరు చివర్లో మొదలైంది.

కార్డు ఇంకా లేకపోతే ఆధార్, రేషన్ కార్డు, ఆధార్‌కి కలిపిన ఫోను పట్టుకుని ఏ సేవా కేంద్రానికి వెళ్ళినా చేస్తారు. ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసుల్లో వెనక రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, రేషన్ కార్డులో ఒక్క పొడి అక్షరం, దాని మీద ఒడియాలోంచి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు పడిన తప్పులు. ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడడం) దగ్గర రెండు పేర్లూ సరిపోక పని నిలిచిపోతుంది. నొప్పి వచ్చాక దీని కోసం పరిగెత్తడం నరకం. బాగున్నప్పుడే సరిచేయించుకోండి.

మూడో మెట్టు: కార్డు దేనికి పనిచెయ్యదో రాసిన పేజీ

ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో పథకం కిందకి రానివాటి జాబితా ఒకటి ఉంటుంది. అందులో పళ్ళకే ఒక అంశం కేటాయించారు. దాని సారం ఇది: పళ్ళు సరిచేసేవి, అందం కోసం చేసేవి, పుచ్చుకి సిమెంటు నింపడం, రూట్ కెనాల్, పళ్ళు అరిగిపోవడం, చిగుళ్ళ జబ్బులు, ఇంప్లాంట్లు పథకంలోకి రావు. పిన్ని మంచం ఉపాయం ఇక్కడే బెడిసికొట్టింది. అడ్మిట్ చేసినా ఈ పనులకి డబ్బు రాదు.

అదే వాక్యానికి ఒక మినహాయింపు తోక ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. దెబ్బ తగిలినా, కణితి గానీ నీటితిత్తి గానీ లేచినా, దానికోసం ఆసుపత్రిలో చేరి ఎముకకి వైద్యం చేయించుకోవాల్సి వస్తే పథకం ఇస్తుంది. పట్టుకోవాల్సిన మాట "ఎముక". జబ్బు దవడ ఎముక దాకా వెళ్తే కార్డు వైపు చూడండి, పన్ను దగ్గరే ఆగితే జేబు వైపు.

నాలుగో మెట్టు: ఎస్టిమేట్ కాగితం చదవడం

ఇక్కడ కాస్త నిదానిద్దాం, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ ఈ కాగితం దగ్గరే.

పిన్నిని మొదట చూపించిన చోట ఒక చీటీ ఇచ్చారు. "46 ఆర్‌సీటీ ప్లస్ క్యాప్, 9,200" అని ఒక్క ముక్క. నేను వెనక్కి వెళ్ళి విడివిడిగా రాసిమ్మన్నాను. కాస్త విసుక్కున్నారు గానీ రాశారు: ఎక్స్‌రే 200, రూట్ కెనాల్ 3,500, పోస్ట్ అండ్ కోర్ 1,500, మెటల్ సిరామిక్ క్యాప్ 4,000.

ముందు ఆ 46 సంగతి. అది ధర కాదు, వయసు కాదు, పన్ను చిరునామా. నోటిని నాలుగు వాటాలు చేస్తారు: పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. కుడి ఎడమలు రోగివి, ఎదురుగా నిలబడి చూసేవాళ్ళవి కావు. ప్రతి వాటాలో నడిమధ్య ముందు పన్ను 1, అక్కడి నుంచి లోపలికి లెక్కపెడితే జ్ఞానదంతం 8. అంటే 46 కింది కుడివైపు ఆరో పన్ను, మొదటి పెద్ద దవడ పన్ను. పిల్లల పాలపళ్ళకి వాటాల అంకెలు 5 నుంచి 8 దాకా. ఈ అంకె తెలిస్తే లాభమేంటంటే, రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకే పన్ను గురించి మాట్లాడుతున్నారో లేదో మీకే తెలిసిపోతుంది. ఎక్స్‌రే మాత్రం అడిగి తెచ్చుకోండి. డబ్బు కట్టినవాళ్ళు మీరు.

తర్వాత పోస్ట్ అండ్ కోర్. పన్ను బాగా విరిగి క్యాప్ పట్టుకోవడానికి ఆధారం లేనప్పుడు, వేరులోకి చిన్న కడ్డీ దింపి పైన మొద్దు కడతారు. అందరికీ అక్కర్లేదు. "నా పన్నుకి ఎందుకు కావాలి?" అని అడగండి. పిన్నికి నిజంగానే కావాల్సి వచ్చింది, లోపలివైపు గోడ మొత్తం పోయింది.

ఇక క్యాప్. మా చుట్టుపక్కల వినిపించేవి మూడు రకాలు. మొత్తం లోహంతో చేసింది, లోపల లోహం పైన పింగాణీ ఉన్నది (చీటీలో మెటల్ సిరామిక్ అన్నది ఇదే), జిర్కోనియా అనే తెల్లటి గట్టి పదార్థంతో చేసింది. ఖరీదు ఇదే వరసలో పెరుగుతుంది. క్యాప్ తొడగడానికి పన్నుని చుట్టూ అరగదీయాలి. పింగాణీకి మందం కావాలి కాబట్టి ఎక్కువ తీస్తారు, లోహపు క్యాప్‌కి తక్కువ తీస్తే చాలు. నా మటుకు నేను వెనక దవడ పన్నుకి, నవ్వినా కనిపించని చోట, లోహపు క్యాపే మేలంటాను. గట్టిది, చవక, పైన రాలిపోయే పింగాణీ ఉండదు. ఒకవేళ గిల్టు నగ పెట్టుకుంటే ఒళ్ళు దురద పెట్టే మనిషైతే ముందే డాక్టరుకి చెప్పాలి. ఈ క్యాపుల్లో నికెల్ వాడడం మామూలే, అది పడనివాళ్ళుంటారు. ముందు పళ్ళ సంగతి వేరు, అక్కడ రంగు ముఖ్యం, ఎవరి ఇష్టం వారిది.

చీటీ మీద ఇంకో రెండు విషయాలు రాయించుకోండి. తాత్కాలిక క్యాప్ ధర ఇందులో కలిసిందా లేదా? క్యాప్ ఊడిపోతే మళ్ళీ అతికించడానికి డబ్బు తీసుకుంటారా? జిర్కోనియాకైతే ల్యాబ్ వారంటీ కార్డు ఇవ్వడం రివాజు, అది మీ చేతికి రావాలి.

ఒక హెచ్చరిక. రూట్ కెనాల్ చేయించుకుని నొప్పి పోగానే, "క్యాప్ తర్వాత చూద్దాంలే" అని వదిలేసేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను అసలే సగం డొల్ల, క్యాప్ లేకుండా నమిలితే నిలువునా చీలుతుంది. చీలిక వేరు దాకా పోతే పీకేయడమే. అప్పుడు రూట్ కెనాల్‌కి పెట్టిన డబ్బూ గంగపాలు. కాబట్టి మొదలుపెట్టే ముందే క్యాప్ డబ్బు కూడా చూసుకోండి. చూసుకోలేకపోతే సర్కారు ఆసుపత్రిలో పీకించుకోవడం తక్కువ తరగతి పనేమీ కాదు. కాకపోతే ఆ ఖాళీ వైపు పక్క పళ్ళు వాలుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది. అది తెలిసే నిర్ణయించుకోండి.

ఐదో మెట్టు: నోటి విషయంలో కార్డు నిజంగా పనిచేసే సందర్భాలు

బండి మీంచి పడి దవడ విరిగితే ప్లేట్లు, తీగలు వేసి బిగించే ఆపరేషన్. దవడలో నీటితిత్తి, కణితి. నోటి క్యాన్సర్. దవడ కీలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం. పుట్టుకతో వచ్చే గ్రహణం మొర్రి. ఇవన్నీ కార్డు పరిధిలోవే. ఆసుపత్రిలో చేరడానికి 3 రోజుల ముందు ఖర్చు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు కూడా అందులోనే కలుస్తాయి. జబ్బు పాతదైనా ఆపరు.

నోటి క్యాన్సర్ గురించి రెండు మాటలు ఎక్కువ రాయక తప్పదు. గుడాకు అనే పొగాకు ముద్ద పళ్ళకి రుద్దుకునే అలవాటు ఒడిశా అంతటా ఉంది. శ్రీకాకుళం పల్లెల్లో మామ్మలు నిప్పున్న కొస నోట్లో పెట్టి అడ్డపొగ తాగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, వాళ్ళ అంగిలి మీద మచ్చలు రావడమూ కొత్త కాదు. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లటి గానీ ఎర్రటి గానీ మచ్చ కనబడితే, పన్ను సంగతి పక్కన పెట్టి జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆ వైద్యానికి కార్డు ఉన్నదే.

దెబ్బ తగిలిన కేసుల్లో ఒక మెలిక ఉంది. దవడ విరిగి, దాంతో పాటు రెండు పళ్ళూ విరిగాయనుకుందాం. దవడ బిగించడం కార్డు మీద జరిగిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ పళ్ళకి క్యాప్ వేయించుకుంటే అది మళ్ళీ కుర్చీ పనే, జేబు ఖర్చే. ఆసుపత్రిలో ఉండగానే హెల్ప్‌డెస్క్‌లో స్వాస్థ్య మిత్రని అడిగి ఏది ప్యాకేజీలో ఉందో, ఏది లేదో తెలుసుకోండి. ఆ మనిషినే ఆంధ్రా చుట్టాలు ఆరోగ్యమిత్ర అంటారు.

ఆరో మెట్టు: కార్డు లేదంది సరే, ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

జిల్లా ఆసుపత్రి పళ్ళ విభాగంతో మొదలుపెట్టండి. చూడడం, పీకడం, నొప్పి తగ్గించడం, మామూలుగా పుచ్చు నింపడం అక్కడ అవుతాయి. నిరామయ పథకం కింద మందులు ఉచితం. క్యాప్‌కి మాత్రం ల్యాబ్ కావాలి, అది సాధారణంగా జిల్లా స్థాయిలో ఉండదు.

ల్యాబ్ ఉండేది దంతవైద్య కళాశాలల్లో. కటక్‌లో ఎస్‌సీబీ డెంటల్ కాలేజీ సర్కారుది. మా పర్లాకిమిడి వాళ్ళకి మాత్రం విశాఖ దగ్గర. గుణుపూర్ పాసింజరు ఎక్కితే సరిపోతుంది, అక్కడ గీతం లాంటి ప్రైవేటు డెంటల్ కాలేజీలున్నాయి. కాలేజీల్లో పని చేసేది విద్యార్థులు, పక్కన ప్రొఫెసరు నిలబడి ప్రతి దశా చూస్తారు. బయటి క్లినిక్ కంటే డబ్బు తక్కువ, టైము ఎక్కువ. పిన్నికి రూట్ కెనాల్‌కే రెండు సార్లు, క్యాప్‌కి ఇంకో రెండు సార్లు వెళ్ళాల్సి వచ్చింది. ప్రతిసారీ తెల్లవారుజామున బయల్దేరాలి. రైలు ఛార్జీ, భోజనం, ఒక రోజు కూలి పోవడం, ఇవన్నీ కలిపి లెక్కేసుకోండి. ఒక్క పన్నే అయితే ఊళ్ళోనే చవకగా తేలొచ్చు. రెండు మూడు పళ్ళుంటే కాలేజీ నయం.

కాలేజీలో ఏ గది ముందు నిలబడాలో తెలిస్తే సగం పూట కలిసొస్తుంది. రూట్ కెనాల్ చేసేది ఎండోడాంటిక్స్. క్యాప్, బ్రిడ్జి, పళ్ళ సెట్టు చేసేది ప్రోస్థోడాంటిక్స్. దవడ ఆపరేషన్లు ఓరల్ సర్జరీ. మొదటిరోజు మేము తప్పు వరసలో గంటన్నర నిలబడ్డాం.

ఇంట్లో పిల్లలు, ముసలివాళ్ళు ఉంటే

బడికీ అంగన్‌వాడీకీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం 18 ఏళ్ళలోపు పిల్లల్ని చూస్తుంది. వాళ్ళ జాబితాలో పుచ్చుపళ్ళూ ఉన్నాయి, గ్రహణం మొర్రీ ఉంది. వాళ్ళు రాసిచ్చిన రిఫరల్ చీటీ పారేయకండి, పై ఆసుపత్రిలో దానికి విలువ ఉంది.

పళ్ళన్నీ ఊడిపోయిన పెద్దవాళ్ళకి క్యాప్ ఎందుకు, సెట్టు కావాలి. దానికి కేంద్రం వారి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉందని మా దగ్గర చాలామందికి తెలియదు. 2017లో మొదలైంది. 60 ఏళ్ళు దాటి, బీపీఎల్ గానీ నెలకి 15,000 లోపు ఆదాయం గానీ ఉన్నవాళ్ళకి చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళజోడుతో పాటు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇస్తారు. జిల్లాలో క్యాంపు పెట్టి, పరీక్షించి ఇస్తారు. క్యాంపు ఎప్పుడో బ్లాకు ఆఫీసులో కనుక్కుంటూ ఉండాలి.

ఉద్యోగం వల్ల వచ్చే వైద్యం

ఈఎస్‌ఐ, రైల్వే, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్, సర్కారు ఉద్యోగం, వీటికి ఎవరి నియమాలు వారివి. ఇక్కడ ఆయుష్మాన్ లెక్క పనిచెయ్యదు, ఓపీ వైద్యం కూడా ఉంటుంది. జీతం 21,000 దాటని ఫ్యాక్టరీ, దుకాణం ఉద్యోగులకి ఈఎస్‌ఐ కోత పడుతుంటుంది. ఆ కోత పడుతున్న సంగతే తెలియనివాళ్ళున్నారు, జీతం చీటీ చూసుకోండి. అన్నిటికీ ఒకటే జాగ్రత్త: ముందు వాళ్ళ డాక్టరుతో రిఫరల్, అనుమతి, ఆ తర్వాతే క్యాప్. బయట చేయించుకుని బిల్లు పట్టుకెళ్తే తిప్పి పంపేస్తారు.

సరిహద్దు చిక్కు

మహేంద్రతనయ దాటితే పాతపట్నం. అక్కడి చుట్టాలు "మా ఆరోగ్యశ్రీ మీద చేయించేద్దాం, రా" అంటారు. దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అది ఆంధ్రా వాళ్ళకి. మన ఒడిశా కార్డుతో దాంట్లోకి వెళ్ళలేం. అయితే ఆయుష్మాన్ భారత్‌లో చేరాక మన కార్డు వేరే రాష్ట్రాల్లోనూ ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లో నడుస్తుంది. దవడ ఆపరేషన్‌కి విశాఖ వెళ్ళాలనుకుంటే 14555కి ఫోన్ చేసి, ఆ ఆసుపత్రి ఉందా, ఓరల్ సర్జరీకి నమోదైందా అని రెండూ అడగండి. ఆసుపత్రి జాబితాలో ఉన్నా ఆ విభాగం లేకపోవచ్చు.

వేలిముద్ర అడిగితే

మా వీధిలో ఒకాయన పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి ఒక చోటికి వెళ్ళాడు. "కార్డు మీద ఫ్రీగా చేస్తాం" అని వేలిముద్ర తీసుకుని, పావుగంటలో పంపించేశారు. రెండు రోజులకి ఫోనులో మెసేజ్: ఆయన ఆసుపత్రిలో చేరినట్టు, డబ్బు తగ్గినట్టు. కార్డు మీద వేలిముద్ర పెట్టడమంటే చేరుతున్నట్టు ఒప్పుకోవడమే. కుర్చీలో కూర్చుని లేచే పనికి ఎవరైనా కార్డు, వేలిముద్ర, ఓటీపీ అడిగితే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే మెసేజ్ చెరిపేయకుండా ఉంచి 14555కి చెప్పండి. అసలైన అడ్మిషన్‌లో కార్డు ఒప్పుకుని, మళ్ళీ పక్కనుంచి డబ్బు అడిగినా ఫిర్యాదు అక్కడే. రసీదు లేకుండా పైసా ఇవ్వకండి, రసీదు ఉంటేనే ఫిర్యాదు నిలబడుతుంది.

పిన్ని చివరికి లోహపు క్యాపే వేయించుకుంది. కాలేజీలో అద్దం ఇచ్చి చూసుకోమంటే నోరు వెడల్పుగా తెరిచి, "వెండి గిన్నె బోర్లించినట్టుంది" అంది. తిరుగు రైల్లో నౌపడ దాటాక పల్లీల పొట్లం కొంది. ఎడమవైపే నములుతోంది ఇప్పటికీ, నమ్మకం కుదరలేదట.